మందు గలదు, మార్గమేది?

న్యూయార్కు మహానగరమున హార్లెమ్ అను పేట యొకటి కలదు. నల్లజాతివారు తరతరములుగా నివసించుచున్న తావది. ఆ పేటలోని ప్రభుత్వ వైద్యశాలకును మన భీమవరమునకును సంబంధమేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. సంబంధము కలదు. అది మనము గర్వింపదగినదియు, పిమ్మట తల వంచి యాలోచింపదగినదియునై యున్నది.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో అమెరికా చేరి, 1940 మొదలు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన లొనర్చిరి. ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన వారి బృందమే, దానికి విరుద్ధముగా పనిచేసి కేన్సరు కణముల పెరుగుదలను అడ్డగించు ఔషధములను గూడ సిద్ధపరచినది. వానిలో నొకదానిని బోస్టను నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బరు 1947లో రక్తపు కేన్సరుతో మరణోన్ముఖులై యున్న బిడ్డల కిచ్చి, కొంతకాలమైనను వ్యాధి వెనుకకు తగ్గుట చూచెను. అదే కుదురునకు చెందిన మందులను హార్లెమ్ వైద్యశాలలో డాక్టరు లూయీ రైటును, ఆయన కుమార్తె డాక్టరు జేను రైటును పెద్దవయసు రోగులకిచ్చి పరీక్షించిరి. ఆ తండ్రియు కుమార్తెయు నల్లజాతివారు. మెథోట్రెక్సేటు అను మందు రొమ్ము కేన్సరును తగ్గింపగలదని 1951లో జూపినది వారి పరిశోధనమే. నేటికిని ఆ మందు వైద్యుల చేతిలో నున్నది.

ఇంతవరకు గర్వకారణము. ఇక రెండవ భాగమును వినుడు. అదే హార్లెమ్ వైద్యశాలలో 1964 మొదలు 1986 వరకు రొమ్ము కేన్సరునకు చికిత్స పొందిన 606 మంది రోగుల చరిత్రలను అచ్చటి శస్త్రవైద్యుడు డాక్టరు హెరాల్డు ఫ్రీమను పరిశీలించెను. వారిలో నూటికి 94 మంది నల్లవారు. సగముమందికి వైద్యపు బీమా లేదు. నూటికి 49 మంది వ్యాధి ముదిరి మూడవ, నాలుగవ దశలకు చేరిన పిమ్మటనే వైద్యుని జూచిరి. మొదటి దశలో వచ్చినవారు నూటికి ఆరుగురు. అయిదేండ్లు బ్రతికినవారు నూటికి 39 మంది మాత్రమే. ఏ వైద్యశాలలో ఆ వ్యాధికి మందు పనిచేయునని తేలెనో, ఆ వైద్యశాల వీధిలోనే కాపురమున్న స్త్రీకి చికిత్స సకాలమున అందలేదు. మందు కనుగొనుట యొకటి. అది రోగికి చేరుట మరియొకటి. ఈ రెంటి నడుమనున్న దూరమునుగూర్చియే నేడు మేము వ్రాయబూనితిమి.

ఈ దూరము హార్లెమునకే పరిమితమైనది కాదు, గతించిపోయినదియు కాదు. మనవారు రాచపుండని పిలుచు ఈ వ్యాధి అన్ని రంగుల మనుష్యులకును వచ్చుచున్నది. అయినను అమెరికా సంయుక్త రాష్ట్రములలో అది ప్రాణము తీయుటలో మాత్రము రంగు చూచుచున్నట్లే లెక్కలు చాటుచున్నవి. రొమ్ము కేన్సరు నల్లజాతి స్త్రీలకు తెల్లవారికంటె కొంచెము తక్కువగానే వచ్చుచున్నది. కాని దానివలని మరణముల రేటు వారిలో సుమారు 40 శాతము హెచ్చు. ఏబదియేండ్లలోపు వయసువారిలో ఆ రేటు రమారమి రెట్టింపు. ప్రోస్టేటు గ్రంథి కేన్సరువలన నల్లజాతి పురుషులు తెల్లవారికి రెండింతలుగా మరణించుచున్నారు. ఆ దేశపు ఆదివాసులలో మూత్రపిండము, కాలేయము, జీర్ణకోశము, గర్భాశయ ముఖద్వారము అను వీని కేన్సరులచేత గలుగు మరణములును తెల్లవారిలోకంటె ఇంచుమించు రెట్టింపుగా నున్నవి. ఇంతకంటె ధనవంతమైన దేశము లేదు. ఇంతకంటె పేరొందిన వైద్యశాలలు లేవు. అట్టిచోట నిట్టి లెక్క యేల పుట్టవలయును?

ఇందులకు శరీరతత్త్వమే కారణమని కొందరు వాదింతురు. ఆ వాదమున కొంత సత్యము లేకపోలేదు. హార్మోను మందులకు లొంగని, 'ట్రిపుల్ నెగెటివు' అనబడు మొండి రకపు రొమ్ము కేన్సరు నల్లజాతి స్త్రీలలో సుమారు రెండింతలుగా కనబడుచున్నది. మరికొందరు రోగులనే తప్పుబట్టుదురు: వారు పరీక్షలకు రారనియు, వచ్చినను చికిత్స తుదిముట్ట సాగింపరనియు, వైద్యుని నమ్మరనియు వారి యాక్షేపణ. నమ్మకము లేదను మాట నిజమే. అయితే అది యెట్లు పోయినదో గూడ చెప్పవలెను గదా!

అలబామా రాష్ట్రమున మేకను కౌంటీలో ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు 1932 మొదలు 1972 వరకు సుమారు 600 మంది నల్లజాతి పురుషులను పరిశీలనలో నుంచిరి. వారిలో 399 మందికి సవాయిరోగము కలదు. పెన్సిలిను ఆ రోగమును కుదుర్చునని తేలిన పిమ్మటగూడ దానిని వారికీయక, వ్యాధి యెట్లు ముదురునో చూచుచు కూర్చుండిరి. 1997లో అధ్యక్షుడు క్లింటను దేశము తరపున క్షమాపణ చెప్పెను. మరియొక ఉదాహరణము: హెన్రియెట్టా లాక్సు అను నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వారపు కేన్సరుతో 1951లో బాల్టిమోరు నగరమున 31వ యేట మరణించినది. చికిత్సాకాలమున ఆమె పుండునుండి తీసిన కణములు ప్రయోగశాలలో చావక వృద్ధిపొందినవి. పోలియో టీకా పరీక్షలకును, లెక్కలేనన్ని పరిశోధనలకును 'హీలా' కణములను పేర అవియే ఆధారమైనవి. ఆమె అనుమతి నెవ్వరును అడుగలేదు. ఆమె బిడ్డలకు ఇరువది యేండ్ల వరకు ఆ సంగతియే తెలియదు. ఆ కణములతో వ్యాపారము చేసిన కంపెనీ యొకటి ఆమె వారసులతో రాజీకి వచ్చుటకు 2023 దాక పట్టినది. ఇట్టి చరిత్ర కలవారు తెల్లకోటు చూచి జంకినచో దానిని అజ్ఞానమని యెంచుట న్యాయము కాదు. అప్పు తీర్పవలసినవాడు, నన్ను నమ్మవేమని ఋణదాతను నిందించినట్లుండును.

ఇక కార్యము చూతము. డాక్టరు ఫ్రీమను 1979లో హార్లెమున ఉచిత పరీక్షాశాలలను తెరపించెను. పరీక్షలు జరుగసాగినవి, కాని పరీక్షలో అనుమానము కలిగిన స్త్రీలలో పలువురు తరువాతి మెట్టెక్కలేకపోవుచుండిరి. ఒకరికి బీమా కాగితములు పూర్తిచేయుట తెలియదు. ఒకరికి బిడ్డలను విడిచి వచ్చుటకు ఇంట మనిషి లేదు. ఒకరు పని మానినచో నాటి కూలి పోవును. ఒకరు వైద్యుడు చెప్పిన మాట అర్థముకాక, మరల అడుగుటకు మొగమాటపడి యింటికి పోయిరి. ఒక్కొక్క అడ్డంకియు చిన్నదే. అన్నియు కలిసినప్పుడు ప్రాణమంత పెద్దవి. ఆయన 1989లో అమెరికను కేన్సరు సంఘమునకు అధ్యక్షుడుగా నుండి, పలు నగరములలో బీదరోగుల వాఙ్మూలములు వినెను. మరుసటి యేడు, అనగా 1990లో, హార్లెమునందు ఒక క్రొత్త యేర్పాటు ప్రారంభించెను. రోగితో పరిచయము పెంచుకొని, అనుమానము కలిగిన నాటినుండి చికిత్స ముగియునంతవరకు వెంటనుండి నడిపించు మనుష్యులను నియమించెను. వారికి 'పేషెంటు నావిగేటర్లు' అని పేరు. మన భాషలో రోగికి తోడని చెప్పుకొనవచ్చును.

ఈ తోడు వైద్యుడు కాడు, మందు వ్రాయడు. బండి యేర్పాటు చేయును. ఏ కాగితము ఏ బల్లవద్ద నీయవలెనో చూపును. వైద్యుని యెదుట రోగి ప్రక్కన కూర్చుండి, ఆమె అడుగలేని ప్రశ్న తానడుగును. గడువు తప్పినచో ఫోను చేసి పలుకరించును. ఫలితమేమి? 1995 మొదలు 2000 వరకు ఆ వైద్యశాలకు వచ్చిన రొమ్ము కేన్సరు రోగులలో నూటికి 41 మంది తొలిదశలలోనే వచ్చిరి. ముదిరిన దశలలో వచ్చినవారు 21 మందికి తగ్గిరి. అయిదేండ్లు బ్రతికినవారు నూటికి 70 మంది. ఉచిత పరీక్షలును తోడును కలిసి, అదే పేటలో, అదే జాతివారిలో 39ని 70 చేసినవి.

ఒక వైద్యశాల అనుభవమును నమ్మి రాజ్యము నడుపుట యెట్లని సందేహించువారు డెలావేరు రాష్ట్రమును చూడవలెను. అచ్చటి ప్రభుత్వము 2002లో పెద్దప్రేగు కేన్సరుపై పూనికతో పనిచేయ నారంభించినది. బీమా లేనివారి పరీక్షలకును చికిత్సకును ఖర్చు తానే భరించినది. రోగులను పిలిచి, వెంటబెట్టుకొని నడిపించుటకు నర్సులను నియమించినది. 2002లో పరీక్ష చేయించుకొన్నవారు తెల్లవారిలో నూటికి 58, నల్లవారిలో 48. 2009 నాటికి ఉభయులలోను 74. నల్లవారిలో ఆ వ్యాధివలని మరణముల రేటు 42 శాతము తగ్గి, తెల్లవారి రేటునకు చేరువైనది. ఏడేండ్లలో ఒక జాతి శరీరతత్త్వము మారునా? మారినది ఏర్పాటు మాత్రమే.

బీదరికము తొలగిన రంగుభేదమును తొలగునని చెప్పువారికి మరియొక సమాధానము కలదు. ఉత్తర కరోలినాలోని గ్రీన్స్‌బరోలోను, పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గులోను రెండు కేన్సరు చికిత్సాలయములవారు తమ పాత లెక్కలు తీసి చూచుకొనిరి. వారు చూచినది వైద్యశాల గుమ్మము తొక్కనివారిని కాదు. రొమ్ము, ఊపిరితిత్తుల కేన్సరు తొలిదశలోనే బయటపడి చికిత్సలో ప్రవేశించిన వారిని. వారిలోగూడ చికిత్స పూర్తిచేసినవారు తెల్లవారు నూటికి 87.3, నల్లవారు 79.8 అని తేలినది. ఊరి పౌరులను గూడ ఆలోచనలో చేర్చుకొని వారు నాలుగు పనులు చేసిరి. రోగి గడువు తప్పిన వెంటనే హెచ్చరించునట్లు కంప్యూటరులో నొక యేర్పాటు చేసిరి. ఏ జాతి రోగుల చికిత్స యెట్లు సాగుచున్నదో వైద్యులకు ఎప్పటికప్పుడు తెలిపిరి. శిక్షణ పొందిన నర్సును తోడుగా నిచ్చిరి. తమలో నెరుగక దాగియున్న పక్షపాతమును గుర్తించుటకు సిబ్బందికి బోధన చేసిరి. 2019లో ప్రకటితమైన ఫలితము ప్రకారము చికిత్స పూర్తిచేసిన నల్లవారు నూటికి 88.4, తెల్లవారు 89.5. నల్లవారి మేలుకై చేసిన పనివలన తెల్లవారికి నష్టము రాలేదు సరిగదా, వారికిని మేలే కలిగినది. ఒకరికిచ్చినచో మరొకరికి తరుగునని భయపెట్టువారు ఈ యంకెలను మరల మరల చదువవలెనని మా కోరిక.

ఇచ్చట నొక మాట స్పష్టము చేయవలయును. తోడునిచ్చుట దయాధర్మము కాదు; అది చికిత్సలో నొక భాగము. కత్తి, మందు, కిరణము ఎట్టివో ఇదియు నట్టిదే. ఈ సత్యమును మొదట గ్రహించినవారు రోగులే. 1994లో హ్యూస్టను నగరమున కేరెను జాక్సను అను నల్లజాతి మహిళ, తాను రొమ్ము కేన్సరు ననుభవించి బయటపడినదై, తనవంటి స్త్రీలకొరకు సిస్టర్స్ నెట్‌వర్కు అను సంస్థ నెలకొల్పినది. అట్టి సంస్థలు నేడు పెక్కు కలవు. ప్రార్థనామందిరములలోను, క్షౌరశాలలలోను వ్యాధి పేరు బిగ్గరగా పలుకుట నేర్పినవారు వారే; క్రొత్త మందుల పరీక్షలలో మాకును చోటీయుడని అడిగినవారును వారే. ప్రభుత్వ ధనముతో జరుగు పరీక్షలలో స్త్రీలను, అల్పసంఖ్యాకులను చేర్చుకొనవలెనని 1993లో శాసనమైనది. కాని కేన్సరు మందుల పరీక్షలలో నల్లవారి పాలు జనసంఖ్యలో వారి పాలునకు నేటికిని చాల తక్కువ. ఎవరి శరీరముపై పరీక్షింపలేదో వారికి ఆ మందు ఎట్లు పనిచేయునో నిశ్చయముగ చెప్పుట యెట్లు?

ప్రభుత్వము కొంత కదలినది. వృద్ధుల వైద్యపు ఖర్చు భరించు మెడికేరు పద్ధతి 2024 జనవరి మొదలు కేన్సరువంటి తీవ్రవ్యాధులలో రోగికి తోడునిచ్చు పనికి ప్రత్యేకముగ ప్రతిఫల మిచ్చుచున్నది. రొమ్ము పరీక్ష నలుబదవ యేటనే మొదలుపెట్టవలెనని అదే సంవత్సరమున నిపుణుల సంఘము సిఫారసు చేసినది. చిన్నవయసులో మరణించుచున్న నల్లజాతి స్త్రీలకు ఇది ముఖ్యమైన మార్పు. కాని మరుసటి సంవత్సరముననే గాలి యెదురు తిరిగినది. 2025 జూలై 4న సంతకమైన శాసనము బీదల వైద్యమునకైన మెడికెయిడు వ్యయమును రాబోవు సంవత్సరములలో కోతబెట్టినది. అదే యేట జాతులమధ్య ఆరోగ్యవ్యత్యాసములను పరిశీలించు పెక్కు పరిశోధనలకు ధనసహాయము నిలిపివేయబడినది. ఆ నిలుపుదల చెల్లదని జూనులో బోస్టనులోని న్యాయమూర్తి తీర్పు చెప్పగా, ఆగస్టులో సుప్రీముకోర్టు దానిని తాత్కాలికముగ సాగనిచ్చినది. రంగును లెక్కింపకుండుటయే సమత్వమని ఆ దేశపు పాలకులలో కొందరి వాదము. మేము దీని నంగీకరింపజాలము. జ్వరమున్నదా యని చూచుట మానినంత మాత్రమున జ్వరము తగ్గదు. గ్రీన్స్‌బరో వైద్యులు నల్లవారి లెక్కను వేరుగా తీయకున్నచో, తమ తప్పు వారికే తెలిసెడిది కాదు.

ఈ ప్రసంగము మనకేలయని యడుగువారుందురు. మా పాఠకులలో ననేకుల బిడ్డలు నేడు అమెరికాలో నున్నారు. వారును ఆ దేశపు లెక్కలలో తెల్లవారు కారు. చైనావారు, వియత్నామువారు, ఫిలిప్పీనులవారు, భారతీయులు అందరును 'ఏసియావారు' అను ఒకే గంపలో వేయబడుచున్నారు. ఆ గంప సరాసరి చూచిన బాగుగనే కనబడును. అందులోని ఒక్కొక్క జాతి కష్టము మాత్రము బయటికి రాదు. ఏసియా సంతతివారిలో మరణములకు మొదటి కారణము కేన్సరే యని అందరెరిగిన విషయము కాదు. పిల్లలను చూచివచ్చుటకు పోయిన తల్లిదండ్రులకు మెడికేరు వర్తింపదు. వ్యాధి కనిపెట్టినప్పుడు, ఇంగ్లీషు రాని తల్లికి కుమారుడే దుబాసీ యగును. ప్రేమచేతనో భయముచేతనో అతడు వ్యాధి పేరు మ్రింగివేసి, పుండు మానుటకు మందిచ్చుచున్నారని చెప్పును. తల్లి తన శరీరమునకు జరుగుచున్నదేమో తెలియక సంతకము చేయును. ఫెడరలు ప్రభుత్వ ధనము తీసికొను వైద్యశాలలు రోగి భాష తెలిసిన దుబాసీని ఉచితముగ నీయవలెనని 1964 నాటి పౌరహక్కుల శాసనమునుండి వచ్చిన నియమము. ఆ హక్కును సంపాదించినది నల్లజాతివారి పోరాటము, అనుభవించునది మనముకూడ. ఆ శాసనమునకు ముందు మనవారి స్థితి యెట్లుండెనో సుబ్బారావుగారి జీవితమే చెప్పును. 1946 వరకు భారతీయులకు పౌరసత్వ మిచ్చుటకు ఆ దేశమొప్పుకొనలేదు. 1948లో న్యూయార్కున ఆయన మరణించునాటికిని ఆయన ఆ దేశపు పౌరుడు కాడు.

కావున అమెరికాలోని తెలుగు సంఘములకు మేము విన్నవించునది యిది. పండుగలకు కూడినట్లే ఈ పనికిని కూడుడు. ప్రతి పట్టణమునను తెలుగు తెలిసిన కొందరు శిక్షణ పొంది, రోగులకు తోడుగా నిలువవలెను. ఇంటిలో తల్లికి దుబాసీగా నుండుటకు బదులు కుమారుడు కుమారుడుగానే యుండి, వైద్యశాలవారి దుబాసీని కోరవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, నల్లజాతి రోగుల సంస్థలు సమత్వమునకై శాసనసభల మెట్లెక్కినప్పుడు, అది వారి గొడవయని తెలుగువారు ఇంట కూర్చుండరాదు. మన యూరి వాని మందును హార్లెమ్ వైద్యులు తమ రోగులకిచ్చి పరీక్షించి లోకమునకు పంచిరి. ఆ ఋణము మనమీద నున్నది.

ఇచ్చటి పాఠకులకును ఒక మాట. చీటీ యే గదిలో వ్రాయింతురో, ఏ కాగితమునకు ఎవరి ముద్ర కావలెనో తెలియక పట్టణపు ఆసుపత్రి వసారాలో పగలంతయు నిలిచి, సాయంత్రపు బస్సున యూరికి మరలిపోవు రోగిని మనలో చూడనివా రెవ్వరు? ఆతడు మరల రాకపోయినచో, అతని యజ్ఞానమని సరిపుచ్చుకొందుము. హార్లెమున 1990కి పూర్వము వారును అట్లే సరిపుచ్చుకొనిరి. ఊరిలో చదువుకొన్న మనిషి యొకడు ఆ రోగి వెంట మొదటినుండి చివరివరకు పోయినచో నేమగునో ఆ వైద్యశాల లెక్కలే చెప్పుచున్నవి. ఈ పనికి గొప్ప ధనము వలదు. తీరికయు, మాట నిలుపుకొను స్వభావమును ఉన్నవారు చాలుదురు. అట్టివారు ప్రతి గ్రామమునను కలరని మా నమ్మకము.